కనుమ భోజనంలో బందోల్ రెడ్ వైన్‌కు ఏ కూర జోడు?

ప్రశ్న (విజయనగరం):
ఓడల మీద పనిచేస్తున్న మా బావమరిది ఫ్రాన్సు నుంచి బందోల్ రెడ్ వైన్ సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. కనుమ నాడు ఇంటిల్లిపాదీ కలిసి తినేటప్పుడు దాన్ని తెరుద్దామని అనుకుంటున్నాము. ఆ రోజు మా ఇంట్లో మినపగారెలు, వేట మాంసం, చేపల పులుసు, చివర అరిసెలు ఉంటాయి. వీటిలో దేనితో ఆ వైన్ కుదురుతుందో, వంటలో ఏమైనా మార్చుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (శ్రీకాకుళం):
నిస్సందేహంగా వేట మాంసమేనండి. బందోల్ అనేది మార్సెయ్, తూలోన్ నగరాల మధ్య మధ్యధరా తీరాన ఉన్న ప్రాంతం. అక్కడి రెడ్ వైన్‌లో కనీసం సగం మూర్వేద్ర ద్రాక్ష ఉండాలని, దాన్ని 18 నెలలు చెక్క పీపాల్లో ఉంచాలని నియమం. ఆ ద్రాక్ష తొక్కలో వగరు ఎక్కువ కాబట్టి, జీడిమామిడి పండు కొరికినప్పటిలాగా నోరు పిడచకట్టుకుపోతుంది. లాలాజలంలోని ప్రోటీన్లను ఆ వగరు పట్టేయడమే అందుకు కారణం. మాంసం, కొవ్వు, ఉప్పు ఉన్న ముద్ద నోట్లో ఉంటే అదే వగరు మెత్తబడి, వైన్‌లోని పండు రుచి బయటికి వస్తుంది. బందోల్ ఉన్న ప్రోవెన్స్ ప్రాంతంలో దీన్ని గొర్రె మాంసంతో తాగేది అందుకే.

చిక్కంతా మన కారంతోనే. మిరపకారం, ఆల్కహాలు రెండూ నోటిలో మంటను గుర్తించే ఒకే గ్రాహకాన్ని తాకుతాయి. దాదాపు 14 శాతం ఆల్కహాలున్న వైన్‌తో కారం దట్టించిన కూర తింటే మంట తప్ప మరేదీ తెలియదు. కొవ్వున్న ముక్కలను అల్లం, వెల్లుల్లి, ఉప్పు పట్టించి, వాటి నీటిలోనే సన్నని సెగ మీద ఉడకనిచ్చి, నూనె తేలాక దంచిన మిరియాలు, ధనియాల పొడి, కరివేపాకు వేసి ముదురు రంగు వచ్చేదాకా వేయించండి. ఎండుకారం ఎప్పుడూ వేసేదానిలో సగం చాలు. చింతపండు అసలు వద్దు, ఎందుకంటే కూర పులుపు వైన్ పులుపును మించితే వైన్ చప్పబడిపోతుంది.

జవాబు (పలాస):
పై మాటతో ఏకీభవిస్తున్నాను. చేపల పులుసును మాత్రం ఈ వైన్ దరిదాపుల్లోకి రానివ్వకండి. రెడ్ వైన్‌లో ఉండే ఇనుము చేప కొవ్వుతో కలిసి నీచు వాసనను పెంచుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. మన పులుసులో చింతపండు కూడా ఉంటుంది కదా. గారెలు మాత్రం బాగా కుదురుతాయి: ఉప్పు, నూనె ఉన్న గారె మాంసం వేపుడుకు తోడుగా ఉంటే, మాంసం తినని వారికి కూడా వైన్ పక్కన తినడానికి ఒకటి దొరుకుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఎంతో ఉపయోగపడిందండి. మరి అరిసెల సంగతి? వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలా?

జవాబు (బొబ్బిలి):
అరిసెలు వడ్డించకముందే వైన్ ముగించండి. బెల్లం తీపి తరువాత అది చేదుగానూ పుల్లగానూ తోస్తుంది. ఇక వేడి విషయం. ఈ రకం వైన్‌ను 16 నుంచి 18 డిగ్రీల దగ్గర తాగాలి, మన ఇళ్లలో మధ్యాహ్నం జనవరిలో కూడా అంతకంటే వెచ్చగానే ఉంటుంది. భోజనానికి రెండు గంటల ముందు సీసా తెరిచి గాజు కూజాలోకి వంపి, గాలి తగలనివ్వండి. చివరి అరగంట ఆ కూజాను ఫ్రిజ్‌లో ఉంచండి. సీసాలో ఉండేది 750 మిల్లీలీటర్లే కాబట్టి, పదిమంది ఉంటే ఒక్కొక్కరికి చిన్న గ్లాసులో 75 వస్తుంది. మాంసం వడ్డించాకే పోయండి.