ఎండలు ముదిరితే నేరాలు పెరుగుతాయా? చెన్నైవాళ్లు చెప్పండి

పెరంబూర్ బాబాయ్:
మే నెల కత్తెర ఎండలు మొదలైతే చాలు, మా వీధిలో రోజూ గొడవే. నిన్న బండి అడ్డం పెట్టాడని ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఎండకి మనుషులకి తిక్క రేగుతుంది, కొట్లాటలూ కత్తిపోట్లూ దాంతోనే. 2003 మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు చూసినవాణ్ణి చెబుతున్నా. కాదనేవాళ్లుంటే రండి.

వేళచేరి కుర్రాడు:
సగం ఒప్పుకుంటా బాబాయ్. 19వ శతాబ్దంలోనే క్వెట్లే అనే బెల్జియం గణాంకవేత్త ఫ్రాన్సు లెక్కలు తీసి, మనుషుల మీద దాడులు వేసవిలో, దొంగతనాలు చలికాలంలో ఎక్కువన్నాడు. ఆ రెండో ముక్కే మనకి అతకదు. ఇక్కడ ఇళ్లకి తాళాలు పడేది మే నెలలో. సెలవులివ్వగానే సగం అపార్ట్‌మెంటు నెల్లూరు, తిరుపతి బండెక్కేస్తుంది. గుమ్మం ముందు పాల ప్యాకెట్లు, గేటులో దూర్చిన పేపర్లు రెండ్రోజులు అలాగే పడుంటే దొంగకి ఇంకేం కావాలి? ఊరెళ్లేముందు స్టేషన్‌లో చెప్పమని పోలీసులు మొత్తుకునేది అందుకే.
1979లో కోహెన్, ఫెల్సన్ అని ఇద్దరు అమెరికావాళ్లు ఇదే సూత్రం చెప్పారు. నేరం చేసే ఉద్దేశం ఉన్నవాడు, చేతికందే సొత్తో మనిషో, కాపలా లేని చోటు, ఈ మూడూ ఒకేసారి కలవాలి. ఎండావానా మన తిరుగుళ్లని మారుస్తాయి, దాంతో ఆ మూడూ ఎప్పుడు ఎక్కడ కలుస్తాయన్నదీ మారుతుంది. జోరువానలో రోడ్డు మీద మనిషే లేకపోతే గొలుసు ఎవరి మెళ్లో లాగుతాడు?

రాయపురం అక్క:
పుస్తకాల మాట పక్కన పెట్టు తమ్ముడూ. 2019లో ఊరికి నీళ్లిచ్చే పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ దగ్గర బిందె ముందుకి జరిపిందని మా వీధిలో జుట్లు పట్టుకున్నారు. అది ఎండ కాదా?

వేళచేరి కుర్రాడు:
నీళ్లక్కా అది. ట్యాంకర్ టైముకొచ్చి, అందరికీ సరిపడా పోసే వీధిలోనూ అదే ఎండ కదా? పైగా ఆ కరువుకి మూలం 2018లో ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేయడం. అక్టోబర్, నవంబర్‌లలో పడని వాన జూన్‌లో జుట్లు పట్టించింది.

పెరంబూర్ బాబాయ్:
మరి రాత్రి కరెంటు పోయి కంటి మీద కునుకు లేనివాడు, పొద్దున సిగ్నల్ దగ్గర హారన్ కొట్టారని మీద పడతాడే! దానికీ నీ మూడూ కలవాలా?

వేళచేరి కుర్రాడు:
ఆ లెక్క మీదే, కాదనను. క్షణికావేశంలో చెయ్యి లేవడానికి ఉక్కపోత సాయం చేస్తుంది. ప్లాన్ వేసుకుని తాళం పగలగొట్టేవాడికి మాత్రం ఉక్కపోతతో పని లేదు, ఖాళీ ఇల్లే కావాలి. రెండింటినీ ఒకే మొత్తంలో కలిపి "ఎండతో నేరాలు పెరిగాయి" అంటేనే నాకు పేచీ.