కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదు: పోయింది ఎస్‌ఎంపీఎస్సా, బోర్డా?

అడయారు_గాలి:
ఉండేది చెన్నైలో. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పటి నుంచి డెస్క్‌టాప్ ఉలకదు, పలకదు. బటన్ నొక్కితే ఫ్యాన్ తిరగదు, బీప్ రాదు. స్విచ్ వేసి ఉన్నంతసేపూ మదర్‌బోర్డు మీద వెలిగే చిన్న లైటు కూడా ఆరిపోయింది. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) దగ్గర చెవి పెడితే మాత్రం సన్నగా టిక్... టిక్... అంటోంది.

రైజెన్ 5 5600, బి550 బోర్డు, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. యూపీఎస్ లేదు, స్పైక్ గార్డు మాత్రమే ఉంది. మానిటర్ పవర్ కేబుల్ తీసి దీనికి పెట్టాను, గోడ సాకెట్‌కి నేరుగా పెట్టాను, తేడా లేదు. షాపులో బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ మార్చాలంటున్నారు. డబ్బు పెట్టే ముందు ఇంట్లోనే ఏదైనా తేల్చుకోవచ్చా? మల్టీమీటర్ ఉంది.

ఎస్పీరోడ్డు:
ఎస్‌ఎంపీఎస్ గోవిందా. కరెంటు తిరిగి వచ్చేటప్పుడు తగిలే సర్జ్‌కి (ఒక్కసారిగా ఎగిసే వోల్టేజికి) ముందు బలయ్యేది అదే. ఎవరిదైనా ఇంకొకటి తెచ్చి పెట్టి చూడండి, తేలిపోతుంది. మాడ్యులర్ రకమైతే (కేబుళ్లు విడిగా ఊడొచ్చేది) పాత కేబుళ్లు దానికి తగిలించొద్దు, దానితో వచ్చిన కేబుళ్లే వాడండి. బోర్డు వైపు కొన అన్నిటికీ ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు కొనలో పిన్నుల వరస కంపెనీకో తీరు. 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్తే హార్డ్ డిస్కులు కాలిపోతాయి.

మీటర్‌ముల్లు:
ఆ టిక్ టిక్ ఉండగా గోవిందా కొట్టేయడం తొందరపాటే. లోపల ఫ్యూజు పోయిన ఎస్‌ఎంపీఎస్ చప్పుడే చేయదు. ఇది బతికే ఉంది. స్టాండ్‌బై సర్క్యూట్ లేవబోతోంది, ఏదో లాగేస్తోంది, అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయి మళ్లీ లేవబోతోంది. లాగేది దాని సొంత లోపమా (ఎండిపోయిన కెపాసిటర్ల లాంటివి), బయట తగిలించినదా అన్నదే ప్రశ్న. చూడాల్సింది బోర్డుకి వెళ్లే 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో 9వ పిన్ను, స్టాండ్‌బై 5 వోల్టులు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ అక్కడ 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి.

పాత వాటిలో ఆ వైరు ఊదా రంగు. ఇప్పుడన్నీ నల్లవే కాబట్టి ఇలా పట్టుకోండి. 24 పిన్నుల కనెక్టర్‌లో క్లిప్పు ఉన్న వరసలో ఒక గడి ఖాళీగా ఉంటుంది, అది 20వది. దానికి ఒక పక్క నాలుగు పిన్నులు, రెండో పక్క ఏడు. ఖాళీ గడికి ఎదురుగా అవతలి వరసలో ఉన్నది 8వది. దాని పక్కన, నాలుగు పిన్నులున్న వైపు వచ్చేది 9వది. ఖాళీ గడి నుంచి ఏడు పిన్నుల వైపు జరిగితే వరసగా వచ్చే మూడూ గ్రౌండే, నాలుగోది 16వ పిన్ను, అంటే ఆన్ చేసే పిన్ను (పాత వాటిలో ఆకుపచ్చ). ఇలా లెక్కపెడితే కనెక్టర్‌ని ఎటు తిప్పి పట్టుకున్నా తప్పు రాదు.

మీటర్ 20 వోల్టుల డీసీలో పెట్టండి. నల్ల ముల్లు గ్రౌండ్‌లో, ఎర్ర ముల్లు కనెక్టర్ వెనక నుంచి వైరు పక్కగా దూర్చి 9వ పిన్నుకి తాకించండి. కనెక్టర్ బోర్డుకి ఉండగా ఒకసారి, గోడ స్విచ్ ఆపి కనెక్టర్ ఊడదీసి మళ్లీ స్విచ్ వేసి ఇంకోసారి. రెండు రీడింగులూ ఇక్కడ పెట్టండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, ప్లగ్ పీకినా కాసేపు అలాగే నిలిచి ఉంటుంది.

అడయారు_గాలి:
బోర్డుకి ఉన్నప్పుడు అంకె నిలవడం లేదు, 0.3 నుంచి 1.4 మధ్య ఆడుతోంది. ఊడదీస్తే 5.08, కదలకుండా ఉంది. టిక్ టిక్ కూడా ఆగిపోయింది.

ఎస్పీరోడ్డు:
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. బోర్డు పోయినట్టే కదా మరి?

సోల్డర్_పొగ:
బోర్డు, లేదా బోర్డుకి తగిలించి ఉన్నదేదైనా. లోడు (కరెంటు లాగే భారం) లేకుండా 5.08 చూపించినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా నిర్దోషి అనీ కాదు, స్టాండ్‌బై నీరసించి ఉంటే లోడు పడగానే కూలుతుంది. కాబట్టి ముందు లోడు తీసేస్తూ రండి.

స్టాండ్‌బై 5 వోల్టుల మీద బతికే వాటిలో చాలామంది మరిచిపోయేది యూఎస్‌బీ. ఆపేసిన కంప్యూటర్‌లోనూ ఫోన్ ఛార్జ్ అయ్యేది ఆ లైను మీదే. మౌస్, కీబోర్డు, హబ్బు, లాన్ కేబుల్ అన్నీ పీకేయండి. తర్వాత క్యాబినెట్ ముందు పోర్టుల నుంచి బోర్డుకి వచ్చే రెండు కేబుళ్లు, చిన్న 9 పిన్నులదీ, లావు 19 పిన్నులదీ. 19 పిన్నులదాన్ని పక్కలకు ఊపి లాగితే బోర్డు మీది పిన్నులు వంగిపోతాయి. రెండు చివర్లూ పట్టుకుని నిట్టనిలువునా లాగాలి. ఇవన్నీ తీసేటప్పుడు గోడ స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. ఒక్కోటి తీశాక స్విచ్ వేసి 9వ పిన్ను చూడండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు లేచి నిలబడితే దొంగ అదే. ఏది తీసినా లేవకపోతే గ్రాఫిక్స్ కార్డు, ఎం.2 డిస్కు కూడా తీయండి. అప్పటికీ లేవకపోతే బోర్డే.

మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేదు. కార్డు తీసి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, దాన్ని ఇంకో జబ్బనుకోకండి.

అడయారు_గాలి:
19 పిన్నుల కేబుల్ తీయగానే 4.99 వచ్చింది, బోర్డు లైటు వెలిగింది. బటన్ నొక్కితే విండోస్ దాకా వెళ్లింది! ముందున్న ఆ రెండు నీలం పోర్టుల్లో ఒకటి కొన్నాళ్లుగా పెన్‌డ్రైవ్‌ని గుర్తించడం లేదు. కానీ పోర్టులో లోపం ముందే ఉంటే కంప్యూటర్ ఇన్నాళ్లూ ఎలా నడిచింది? కరెంటు పోయి వచ్చాకే ఎందుకు ఆగింది?

సోల్డర్_పొగ:
మీ బోర్డు సర్క్యూట్ చూడకుండా ఒట్టేసి చెప్పలేను గానీ, ఎక్కువ అవకాశం దీనికే. చాలా బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులకు పాలీఫ్యూజు ఉంటుంది. షార్టయితే అది వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది, కరెంటు దాదాపు ఆగిపోతుంది. పవర్ ఉన్నంతకాలం ఆ వేడి మీదే అలా ఉండిపోతుంది. అందుకే పోర్టు చచ్చినా కంప్యూటర్ నడిచింది. రాత్రి కరెంటు పోయేసరికి అది చల్లారి మళ్లీ మామూలైంది. కరెంటు రాగానే షార్టు భారమంతా స్టాండ్‌బై మీద పడింది. ఫ్యూజు వేడెక్కడానికి కాస్త సమయం కావాలి, ఎస్‌ఎంపీఎస్ అంతకంటే ముందే తనను తాను ఆపేసుకుంటోంది. టిక్ టిక్ అదే.

రూఢి చేసుకోవాలంటే ఊడదీసిన కేబుల్ అలాగే ఉంచి, ముందు పోర్టులోకి టార్చి వేసి చూడండి. ప్లాస్టిక్ నాలుక మీద లోపలివైపు వరసలో నాలుగు రేకులుంటాయి. ఈ చివరిదీ ఆ చివరిదీ 5 వోల్టులు, గ్రౌండ్. మీటర్ ఓమ్స్‌లో పెట్టి ఆ రెండింటి మధ్య కొలవండి. బాగున్న పోర్టయితే ఓపెన్ (రెండింటికీ సంబంధమే లేనట్టు) చూపిస్తుంది, లేదా పెద్ద అంకె వస్తుంది. సున్నాకి దగ్గరగా వస్తే షార్టే.

అడయారు_గాలి:
పైదాంట్లో 1.8 ఓమ్స్. కింది పోర్టులో ఓపెన్. పైదాంట్లో నాలుక విరిగి ఒక రేకు లేచి పోర్టు చుట్టూ ఉన్న లోహపు డబ్బాకి ఆనుకుంది, చుట్టూ పచ్చగా చిలుము కూడా ఉంది.

మీటర్‌ముల్లు:
సముద్రపు గాలి ఉన్న చోట చిలుము మామూలే, అసలు దోషి వంగిన రేకు. గుచ్చి సరిచేసి మళ్లీ తగిలించకండి, పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ మళ్లీ వంగుతుంది. కేబుల్ కొనకు టేపు చుట్టి పక్కన కట్టేసి, వెనక పోర్టులతో నడిపించండి. ముందు పోర్టులు కావాలంటే 19 పిన్నుల కేబుల్‌తో వచ్చే పోర్టు ప్యానెల్ విడిగా దొరుకుతుంది, మీకు ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. పాతదాని స్క్రూ రంధ్రాల దూరం కొలుచుకుని వెళ్లండి, క్యాబినెట్‌కో కొలత ఉంటుంది.

ఎస్పీరోడ్డు:
మరి 9వ పిన్నులో 5 వోల్టులు బాగానే ఉండి కూడా ఆన్ కాకపోతే?

మీటర్‌ముల్లు:
అప్పుడు 16వ పిన్ను. బోర్డుకి తగిలించే ఉంచి కొలవండి. ఆఫ్‌లో అక్కడ 5కి కాస్త అటూఇటూగా ఉంటుంది, బటన్ నొక్కితే సున్నా దగ్గరికి పడాలి. పడకపోతే బటన్ వైర్లు పీకి, బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ఒక్క క్షణం కలపండి. అప్పుడు లేస్తే బటన్ పోయింది, లేవకపోతే బోర్డు. 16వ పిన్ను సున్నాకి పడుతున్నా ఎస్‌ఎంపీఎస్ లేవకపోతే, లేదా ఫ్యాన్లు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతే, 12 వోల్టుల లైనులో షార్టు ఉండొచ్చు. ముందు గ్రాఫిక్స్ కార్డు తీసి చూడండి. ఇలా తనను తాను ఆపేసుకున్న ఎస్‌ఎంపీఎస్ వెంటనే కోలుకోదు. ప్లగ్ తీసి, బటన్ కాసేపు నొక్కి పట్టి, ఒక నిమిషం ఆగాకే మళ్లీ పెట్టాలి.

ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా చూడాలంటే, స్విచ్ ఆపి, కనెక్టర్ బోర్డు నుంచి ఊడదీసి, 16వ పిన్నునీ దాని పక్క గ్రౌండ్‌నీ జెమ్ క్లిప్పుతో కలిపి స్విచ్ వేయండి. దాని ఫ్యాన్ తిరగలేదని పోయిందనుకోవద్దు, కొన్ని రకాల్లో లోడు తక్కువుంటే ఫ్యాన్ తిరగదు. మీటర్‌లో 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉందో లేదో చూడండి.

సోల్డర్_పొగ:
అడయారు గారూ, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా? అంటే మాత్రం సాకెట్‌లో ఎర్తింగ్ లేనట్టే. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీకి వెళ్లే దారి ఉండదు, క్యాబినెట్ రేకు మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టేజి తేలుతుంది. స్పైక్ గార్డు కూడా అప్పుడు సగం పనే చేస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్ కొలిపించండి. రెండూ ఇంచుమించు ఒకటే రావాలి.

అడయారు_గాలి:
అంటుంది, చెప్పుల్లేకుండా ఉంటే బాగా తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాను. కేబుల్‌కి టేపు వేసి కట్టేశాను, కంప్యూటర్ నడుస్తోంది.