అప్‌డేట్: బంకమట్టి పెరట్లో ఆర్టిఫిషియల్ గ్రాస్, కుక్కల మూత్రం వాసన పోయింది

మా ఇల్లు డాలస్ దగ్గర. మా రెండు లాబ్రడార్ కుక్కల కోసం పెరట్లో వేయించిన ఆర్టిఫిషియల్ గ్రాస్ కింద వాన పడితే రోజుల తరబడి నీళ్లు నిలుస్తున్నాయని, వాసన భరించలేకపోతున్నామని రెండు నెలల కిందట అడిగాను. ఇప్పుడు తీరింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ముందు ఒక మూల ఎత్తి చూడండి" అన్నవారికి.

డ్రైనేజీ పనిచేసే ఆయన వచ్చి అదే చేశారు. కింద కంకర లేదు, బూడిదరంగు ముద్ద ఉంది. ఇక్కడి మట్టి మన నల్లరేగడి లాంటిదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిస్తూ, మట్టీ కంకరా కలవకుండా ఆపేది) వేయకపోవడంతో, అడుగున పోసిన రాతిపొడి అంతా మట్టిలో కలిసిపోయింది. పైగా వాలు ఇంటి వైపే!

ఆ ముద్దంతా తవ్వేసి, గుడ్డ పరిచి, పొడి లేని కంకర 4 అంగుళాలు పోసి గట్టిగా అదిమారు. వాలు బయటికి మార్చారు, 10 అడుగులకు 2.5 అంగుళాలు. చివర చిల్లుల పైపు పెట్టారు. గడ్డి పైన ఇసుక బదులు జియోలైట్ (మూత్రం వాసనను పట్టి ఉంచే ఖనిజం) చల్లారు.

వాసన పోవడానికి నేను కొన్న ఎంజైమ్ స్ప్రేలు, గడ్డికి అదనంగా పెట్టిన చిల్లులు దండగ. గడ్డిలో లోపమే లేదు, దాన్నే మళ్లీ పరిచాం.

ఇదివరకు అడుగేస్తే బుడబుడమని నీళ్లు పైకొచ్చేవి. పోయిన వారం పెద్ద వాన పడితే అరగంటలో ఇంకిపోయాయి. ఎండకు గడ్డి బాగా వేడెక్కడం మాత్రం తగ్గలేదు. మధ్యాహ్నం అరచెయ్యి ఆనించి చూసి, నీళ్లు కొట్టాకే కుక్కల్ని వదులుతున్నాం.