‘సర్కేడియన్’కి ‘దైనందిన’ సరిపోతుందా?

శిలీంధ్రాల జీవ గడియారం మీద వ్యాసం రాస్తూ ‘సర్కేడియన్’ అనే ఇంగ్లిష్ మాటకు తెలుగు దొరక్క ఆగిపోయాను. ‘దైనందిన లయ’ అని పెట్టాను గానీ మనసొప్పడం లేదు. 1959లో ఫ్రాంజ్ హాల్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త లాటిన్ ‘సిర్కా’, ‘డియెస్’ కలిపి ఈ మాట కట్టాడు. అంటే రోజు కాదు, ఇంచుమించు రోజు. కిటుకంతా ఆ ‘ఇంచుమించు’లోనే ఉంది.

న్యూరోస్పోరా అనే బూజును పొడవాటి గాజు గొట్టంలో పెంచి పూర్తి చీకట్లో ఉంచితే, నారింజ రంగు సిద్ధబీజాలను (విత్తనాల్లాంటి కణాలను) పట్టీలు పట్టీలుగా వేసుకుంటూ పోతుంది. పట్టీకీ పట్టీకీ మధ్య సుమారు 22 గంటలు. వెలుగు లేదు, వేడి మారదు, అయినా లయ తప్పదు. ఎండను బట్టి రోజూ జరిగేదైతే ‘దైనందిన’ చాలు. ఇది లోపలి లెక్క. ‘వైట్ కాలర్’ ప్రోటీన్ల జంట ‘ఫ్రీక్వెన్సీ’ అనే జన్యువును పనిలోకి దించుతుంది. దాన్నుంచి పుట్టిన ప్రోటీనే వెనక్కొచ్చి ఆ జంట నోరు నొక్కేస్తుంది. కొన్ని గంటలకు దాని పట్టు సడలుతుంది, కథ మళ్లీ మొదలు. ఈ తిరుగుడును పట్టుకుని వందల జన్యువులు, కొన్ని పొద్దున, కొన్ని రాత్రి వ్యక్తమవుతాయి. నీలి వెలుగు పడితే గడియారం సర్దుకుంటుంది. దాన్ని పసిగట్టేదీ ఆ జంటలో ఒకటే.

ఏ మాట వాడమంటారు?

— ‘అహోరాత్ర లయ’ బాగుంటుంది కదండీ?

— వినడానికి బాగుంది. కానీ పగలూ రాత్రీ కలిపితే 24 గంటలూ అందులో బిగుసుకుపోతాయి. నాకు కావలసిన వదులు లేదు.

— అయితే ‘దినకల్ప’ చూడండి. పాణిని ‘కల్ప’ ప్రత్యయాన్ని ‘కాస్త తక్కువ’ అన్న అర్థంలోనే చెప్పాడు. 22 గంటలకు అతికినట్టుంటుంది.

— నిజమే మాస్టారూ, ముచ్చటేసింది! రెండు చిక్కులున్నాయి. ‘ఫ్రీక్వెన్సీ’ జన్యువు మారిన రకాల్లో ఒకటి 16 గంటలకు తిరిగితే ఇంకొకటి 29 గంటలు తీసుకుంటుంది. అది ‘కాస్త తక్కువ’ కాదుగా. పైగా తెలుగువాడికి కల్పం అనగానే బ్రహ్మగారి పగలు, 432 కోట్ల ఏళ్లు గుర్తొస్తాయి. ‘దినప్రాయ లయ’ అంటే? మృతప్రాయం, తృణప్రాయం అందరూ ఎరిగినవే.

— ‘దినప్రాయ’కి నా ఓటు. ‘గడియారం’ మాత్రం మార్చకండి. మన లెక్కలో రోజుకు 60 గడియలు, మీ బూజుకు 55.

— వ్యాసం అడుగున సూచికలో ఈ గడియల లెక్క వాడుకోవచ్చా అండీ?