ట్రాక్ (ట్రాకియాస్టమీ, అంటే మెడలో శ్వాస గొట్టం) ఉన్న పేషెంటుకు ఊపిరి కండరాల ట్రైనింగ్: లోడ్ ఎంతతో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
వెంటిలేటర్ మీద రెండు వారాలు దాటిన ట్రాకియాస్టమీ పేషెంటు. టీ-పీస్ మీద (వెంటిలేటర్ తీసి సొంతంగా ఊపిరి పీల్చనిచ్చే గొట్టం) అరగంట కూడా నిలవడం లేదు. స్పృహ బాగుంది, చెప్పినట్టు చేస్తున్నారు. వెంటిలేటర్ సెట్టింగులు: ప్రెషర్ సపోర్ట్ (పీల్చేటప్పుడు ఇచ్చే సాయం) 12, పీప్ (ఊపిరి వదిలాక మిగిలే ఒత్తిడి) 8, ఆక్సిజన్ 35 శాతం. ఎంఐపీ (గట్టిగా పీల్చినప్పుడు వచ్చే గరిష్ఠ లాగుడు ఒత్తిడి) 26 సెం.మీ. నీటి ఒత్తిడి వచ్చింది. స్ప్రింగ్ వాల్వ్ త్రెషోల్డ్ పరికరం (పెట్టిన లోడ్ అంత ఒత్తిడితో లాగితేనే వాల్వ్ తెరుచుకునేది) ఉంది, అందులో కనిష్ఠం 9. ఎంత లోడ్ పెట్టాలి, ఎన్ని శ్వాసలు? పరికరం లేకుండా వెంటిలేటర్ ట్రిగ్గరే (యంత్రం గాలి ఇవ్వడానికి పేషెంటు చేయాల్సిన లాగుడు) గట్టిగా పెడితే సరిపోదా? ఇంకోటి, 11 పెట్టినా ఒక్కోసారి శ్రమే లేనట్టు పీల్చేస్తున్నారు. ఎందుకు?

జవాబు 1:
ఎంఐపీలో సగం, అంటే 13తో మొదలుపెట్టండి. 6 శ్వాసలు ఒక సెట్టు. ఆరో శ్వాస కష్టంగా, కానీ పూర్తిగా తీసుకోగలిగితే లోడ్ సరిపోయినట్టే. నాలుగో శ్వాసకే వాల్వ్ తెరుచుకోకపోతే 1 లేదా 2 తగ్గించండి. సెట్టు అవగానే వెంటిలేటర్‌కి కలిపేసి, ఊపిరి కుదుటపడేదాకా కనీసం 2 నిమిషాలు వదిలేయండి. ఇలా 4 నుంచి 5 సెట్లు, రోజుకోసారి, వారానికి 5 రోజులు. తేలిగ్గా చేస్తున్నారనిపించిన రోజు 1–2 పెంచండి. తక్కువ లోడ్‌తో నిమిషాల తరబడి పీల్పించడం వేరే వ్యాయామం. ఇక్కడ కావాల్సింది బలం, కాబట్టి లోడ్ ఎక్కువ, సమయం తక్కువ ఉండాలి. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఇలా లోడ్‌తో చేయించిన వాళ్లలో 71 శాతం మంది వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు, ఉత్తుత్తి పరికరంతో చేసినవాళ్లలో 47 శాతం. కాకపోతే అన్ని ట్రయల్స్‌లోనూ ఇంత తేడా రాలేదు. ఎంఐపీ పెరగడం మాత్రం దాదాపు అన్నిట్లోనూ కనిపిస్తుంది.

జవాబు 2:
ట్రిగ్గర్ దారి వద్దు. పేషెంటు కష్టపడేది ట్రిగ్గర్ అయ్యేదాకానే, ఆ క్షణం దాటాక గాలి నెట్టేది యంత్రం. త్రెషోల్డ్ వాల్వ్‌లో అలా కాదు, పీల్చినంతసేపూ లాగుతూనే ఉండాలి, వదిలితే వాల్వ్ మూసుకుంటుంది. పైగా బలహీనంగా ఉన్న మనిషికి ట్రిగ్గర్ బిగిస్తే ప్రయత్నాలు వృథా అవుతాయి, యంత్రంతో లయ తప్పుతుంది. 2005లో దీన్ని పరీక్షించిన అధ్యయనంలో వీనింగ్ (వెంటిలేటర్ మాన్పించడం) త్వరగా అయిందేమీ లేదు.

మీ 26 అంకె మీద కూడా నాకు అనుమానమే. ఎలా కొలిచారు? ఒక్కసారి మూసి వదిలేస్తే తక్కువే వస్తుంది. ఊపిరి వదలడానికి మాత్రమే దారిచ్చే వన్-వే వాల్వ్ పెట్టి 20–25 సెకన్లు ఆగండి. ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేకొద్దీ లాగుడు పెరుగుతుంది. మధ్యలో విశ్రాంతినిస్తూ మూడుసార్లు కొలిచి పెద్దది తీసుకోండి. టీ-పీస్‌తో అలిసిపోయిన వెంటనే మాత్రం కొలవకండి.

జవాబు 3:
శ్రమ లేకుండా పీల్చేస్తున్నారంటే గాలి ఇంకో దారిన వస్తోంది. ముందు కఫ్ (గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగ) చూడండి: ఒత్తిడి 20–30 సెం.మీ. నీటి మధ్య ఉండాలి, పీల్చేటప్పుడు మెడ దగ్గర గురగుర వినిపించకూడదు. తర్వాత క్యాథెటర్ మౌంట్ (ట్రాక్‌కి తగిలించే చిన్న గొట్టం) మీది సక్షన్ (కఫం లాగే) మూత. అది సగం తెరిచి ఉన్నా లోడ్ మొత్తం పోతుంది. లీకు లేకపోతే వాల్వ్ తెరుచుకునే చప్పుడు ప్రతి శ్వాసకూ వినిపిస్తుంది. మొదలుపెట్టే ముందు సక్షన్ చేయండి, లేకపోతే రెండో సెట్టులో దగ్గు వస్తుంది.

ఆపాల్సినవి: సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) 90 శాతం కన్నా తగ్గడం, శ్వాసలు నిమిషానికి 35 దాటడం, పై బీపీ 180 దాటడం లేదా 90 కన్నా పడిపోవడం, చెమటలు, పీల్చేటప్పుడు పొట్ట లోపలికి పోవడం. న్యూమోథొరాక్స్‌కి (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ట్యూబ్ వేయకుండా ఉంటే అసలు మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. సక్షన్ మూత చూస్తాను. టీ-పీస్ ఉన్న రోజే ట్రైనింగ్ కూడా చేయించొచ్చా?

జవాబు 1:
చేయించొచ్చు, వరుసగా మాత్రం వద్దు. పొద్దున, రాత్రి నిద్ర తర్వాత తాజాగా ఉన్నప్పుడు ట్రైనింగ్. తర్వాత వెంటిలేటర్ మీద కొన్ని గంటలు పూర్తి విశ్రాంతి, ఆపైన టీ-పీస్. వారం చేసినా 13 దగ్గరే ఆగిపోతే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రిపోర్టులు చూపించమని డాక్టరుగారిని అడగండి. ఫాస్ఫేట్ తక్కువుంటే డయాఫ్రమ్ (ఊపిరి పీల్చే ముఖ్య కండరం) బలం పుంజుకోదు, లోడ్ ఎంత మార్చినా లాభం ఉండదు.