అప్‌డేట్: తెరిచిన చికెన్ సలామీ సంగతి

తెరిచి ఎనిమిది రోజులైన సలామీ (ఉడికించి, ముక్కలు కోసి ప్యాక్ చేసిన మాంసం), వాసన బాగానే ఉంది, గర్భిణి తినొచ్చా అని పోయిన వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ప్యాకెట్ పారేశాం.

అసలు వాసన చూసి తేల్చుకోవడమే తప్పు. జబ్బు తెచ్చే లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉన్నా వాసన, రంగు మారకపోవచ్చు. ఫ్రిజ్ చలిలోనూ అది మెల్లగా పెరుగుతుంది. ఫ్యాక్టరీలో ఉడికించినప్పుడు చస్తుంది గానీ, తర్వాత ముక్కలు కోసే బ్లేడు నుంచో, ప్యాకింగ్ బల్ల నుంచో మళ్లీ అంటుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో 2017-18లో వచ్చింది ఇదే. పోలనీ అనే సాసేజ్ మూలంగా, 200 మందికి పైగా పోయారు.

మీరన్నట్టు గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా ఫ్రిజ్ మధ్య అరలో ఉంచితే 9 డిగ్రీలు! తలుపు రబ్బరు వదులైంది. మధ్యలో పది రూపాయల నోటు పెట్టి మూస్తే లాగగానే జారి వచ్చేసింది. రబ్బరు మార్చాక 4కి దిగింది.

ఇప్పుడు ప్యాకెట్ మీద తెరిచిన తేదీ రాస్తున్నాం, 3-5 రోజుల్లో అయిపోవాలి. గర్భిణికైతే లోపల 74 డిగ్రీలకు చేరేలా, పొగలు కక్కేదాకా వేడి చేశాకే. సలామీ నీళ్లు కారిన అరను సబ్బుతో కడిగాం.

ఫ్రీజర్‌లో పెడితే లిస్టీరియా చస్తుందా అని ఒకరు అడిగారు. చావదు, పెరగడం ఆగుతుందంతే.