డిసెంబరులో అమ్మానాన్నలు సింగపూర్ వస్తున్నారు, ఎక్కడెక్కడ తిప్పాలి?

సెంగ్‌కాంగ్ కొత్తకాపు:
నమస్తే అండీ. డిసెంబరు 15 నుంచి జనవరి 18 దాకా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరుంటారు. నాన్నకు 69, అమ్మకు 64. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏకబిగిన ఇరవై నిమిషాలకు మించి నడవలేదు, మెట్లంటే భయం. నాన్న గుడ్డు కూడా ముట్టరు. మాకు కారు లేదు. పెద్ద టికెట్లవి ఒకటో రెండో చాలు, మిగతా రోజులు ఊళ్లోనే తిప్పాలి. వానల్లో ఎలా ప్లాన్ చేసుకోవాలి? క్రిస్మస్ లైట్లు, 31 రాత్రి బాణసంచా వాళ్లతో చూడగలమా? ఒకరోజు వంతెన అవతల మలేషియాలో ఉన్న జొహోర్ బారు వెళ్లొచ్చా?

గొడుగు తప్పనిసరి:
ముందు వాన సంగతి. డిసెంబరు ఇక్కడ అన్నిటికంటే ఎక్కువ వానపడే నెల, సగటున 300 మి.మీ. పైనే. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి సాయంత్రం మధ్య దంచికొట్టి గంట రెండు గంటల్లో తెరిపి ఇస్తుంది. కాబట్టి చెట్లూ పార్కులూ పొద్దున 10 లోపు, మధ్యాహ్నం ఇంట్లోనో ఏసీలోనో, మళ్లీ సాయంత్రం ఒక్క చోటు. రోజుకి రెండుకు మించి పెట్టకండి. అసలు ఇబ్బంది మాన్‌సూన్ సర్జ్ వచ్చినప్పుడు. ముసురు పట్టి రెండు మూడు రోజులు వదలదు. అలాంటి రోజులకు విమానాశ్రయం దగ్గరి మాల్ జ్యువెల్ చాంగీని దాచిపెట్టుకోండి. 40 మీటర్ల జలపాతం, పైకప్పు కిందే, టికెట్ లేదు, కూర్చోడానికి చోటుంది. మరీ పొద్దున్నే వెళ్తే నీళ్లు ఇంకా వదలరు, 11 తర్వాత వెళ్లండి.

ఇంకోటి, బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. మర్చిపోతే ఆ బస్సు చివరి స్టాప్ దాకా ఛార్జీ కోస్తారు. ఒకే కార్డు ఇద్దరికి పనిచేయదు. ఇండియా బ్యాంకు కార్డు తాకిస్తే వాడిన రోజుకు 60 సెంట్లు అదనంగా పడతాయి. నెల రోజులుంటారు కాబట్టి చెరో ఈజీ లింక్ కార్డు కొనేయండి.

మెట్లులేనిదారి:
మీ అమ్మగారి విషయంలో దూరం కాదు, ఏ గేటు దగ్గర దిగుతున్నారన్నదే చూసుకోవాలి. ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. బొటానిక్ గార్డెన్స్‌కి అదే పేరున్న ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్‌లో దిగితే ఆర్కిడ్ తోట చేరేసరికి మోకాళ్లు అయిపోతాయి. సెంగ్‌కాంగ్ నుంచి ఊదారంగు లైన్‌లో అవుట్రమ్ పార్క్ వచ్చి, గోధుమరంగు లైన్ మారి, ఐదో స్టేషన్ నేపియర్‌లో దిగండి. తోట ఉచితం. లోపలి ఆర్కిడ్ గార్డెన్‌కి మామూలు సందర్శకులకు 15 డాలర్లు, 60 దాటినవాళ్లకు 3. ఇక్కడ ఉండడానికి మీకిచ్చిన పాస్ చూపిస్తే మీకు టికెట్ తగ్గుతుంది. సాయంత్రం 6 తర్వాత లోపలికి పంపరు, అందుకని నాలుగున్నరకల్లా అక్కడుండండి.

ఇక క్రిస్మస్ లైట్లు. ఆర్చర్డ్ రోడ్డు మీద ఆ జనంలో నడిపించకండి. తోట నుంచి బయటికొచ్చి ఆర్చర్డ్ వైపు వెళ్లే స్టాప్‌లో చీకటి పడ్డాక, అంటే ఏడు దాటాక, 7వ నంబరు బస్సు ఎక్కండి. 106 కూడా అదే దారి. డబుల్ డెక్కర్ వస్తే మీరూ నాన్నగారూ మేడమీద ముందు సీటు, అమ్మగారు కిందే కిటికీ పక్కన. బస్సు మేడమెట్లు ఇరుకు, పైగా కదులుతుంటాయి, ఆమెను ఎక్కించొద్దు. ట్రాఫిక్ ఎంత మెల్లగా కదిలితే అంత మంచిది, లైట్లు చూడడానికేగా! ధోబీ ఘాట్‌లో దిగితే ఊదా లైన్ తిన్నగా మీ ఇంటికే. 24 రాత్రి మాత్రం వద్దు, బస్సుల దారి మళ్లించవచ్చు.

హెండర్సన్ వేవ్స్ వంతెన చూపించాలనుంటే బస్సులో హెండర్సన్ రోడ్డులో దిగొద్దు. వంతెన రోడ్డుకు 36 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి నుంచి పైకి అన్నీ మెట్లే. టాక్సీలో మౌంట్ ఫేబర్ రోడ్డు మీదుగా వంతెన పక్కదాకా వెళ్లి అక్కడే తిరుగుటాక్సీ బుక్ చేసుకోవచ్చు. అడవిలో వేలాడే వంతెన మెక్‌రిచీ ట్రీటాప్ వాక్‌ని జాబితాలోంచి కొట్టేయండి. పులావ్ ఉబిన్ దీవికి నాన్నగారిని ఒక్కరినే తీసుకెళ్లండి. చాంగీ విలేజ్ పక్క రేవులో 12 మంది పోగయ్యాకే పడవ కదులుతుంది, మనిషికి 4 డాలర్లు, నగదు. ఊగే పడవలోకి దిగడం, ఎక్కడం మోకాళ్లకు పడదు. ఆ దీవిలోని తీరం చెక్ జావాలో పీతలూ నక్షత్రచేపలూ కనబడాలంటే ఆటు నీళ్లు అర మీటరు, అంతకంటే తక్కువ ఉన్న వేళ చూసుకుని బయల్దేరాలి. లేకపోతే ఉత్త సముద్రమే కనిపిస్తుంది.

టెక్కా తిండిపోతు:
నాన్నగారి భోజనం గురించి. హాకర్ సెంటర్‌లో (తిండి స్టాళ్లన్నీ ఒకచోట ఉండే చోటు) ఆకుకూర వేపుడు చూసి శాకాహారం అనుకోకండి, అందులో ఎండురొయ్యల ముద్దో ఆయిస్టర్ సాసో ఉంటుంది. బౌద్ధుల వెజిటేరియన్ స్టాళ్లు మాంసం వరకు నమ్మకం. ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, కానీ గుడ్డు ఉండొచ్చు. పసుపురంగు నూడుల్స్ బదులు బీహూన్ అడగండి, అది బియ్యం సేమ్యా. ‘నో ఎగ్’ అని విడిగా చెప్పాలి. పరోటాను ఇక్కడ ప్రాటా అంటారు, దానికి చేపల పులుసు పోసిచ్చేస్తారు, ముందే పప్పు అడగండి. అందరూ పడిపోయేది కాయా టోస్ట్ దగ్గర. ఆ జామ్ కొబ్బరిపాలు, పంచదార, గుడ్డుతో చేస్తారు.

కాఫీ అంటే డబ్బాపాల తీపితో వస్తుంది. షుగర్ ఉంటే ‘కోపీ సీ కొసోంగ్’ అనాలి, పాలుంటాయి, పంచదార ఉండదు. తిన్న ట్రే తిరిగి పెట్టడం చట్టం. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. ఇడ్లీ దోసెలకు సెరంగూన్ రోడ్డులో కోమలవిలాస్ 1947 నుంచీ ఉంది.

ఉడ్‌లాండ్స్ క్యూలో:
జొహోర్ బారుకు ముందు ఒక్కటి చూడండి: వాళ్ల సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీనా కాదా. సింగిల్ అయితే వంతెన దాటాక తిరిగి రాలేరు, అంతే. మలేషియాకి ఇప్పుడు మనవాళ్లకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదు. కానీ డిజిటల్ అరైవల్ కార్డు వెళ్లే ముందు మూడు రోజుల్లోపు నింపాలి. తిరిగొచ్చేటప్పుడు అమ్మానాన్నలకు సింగపూర్ అరైవల్ కార్డు మళ్లీ కొత్తగా నింపాలి. మొదట వచ్చినప్పటిది చెల్లదు.

స్కూలు సెలవుల్లో శుక్ర సాయంత్రాలు, శనివారాలు కార్లకు మూడు గంటలు కూడా పడుతుంది. బస్సైతే రెండు చెక్‌పోస్టుల్లోనూ దిగి మెట్లూ ఎస్కలేటర్లూ ఎక్కి క్యూలో నిలబడాలి. ఉడ్‌లాండ్స్ నుంచి టెబ్రావ్ షటిల్ రైలు ప్రయాణం 5 నిమిషాలే, సీట్లు మాత్రం ముందే అయిపోతాయి. మంగళ, బుధవారాల్లో దొరికితే వెళ్లండి, లేకపోతే మానేయండి. అక్కడి మాల్స్ కోసం ఆ మోకాళ్లను ఇబ్బంది పెట్టక్కర్లేదు.

31 రాత్రి మరీనా బే కూడా అంతే. మంచి చోటు కావాలంటే గంటల ముందే వెళ్లి నేలమీద కూర్చోవాలి, టాయిలెట్‌కి లేస్తే చోటు పోతుంది, అయ్యాక స్టేషన్‌లోకి వెళ్లడానికే పెద్ద క్యూ. బదులుగా 31కి ముందు వారం మధ్య ఏ రోజైనా రాత్రి 8కి మరీనా బే శాండ్స్ ముందు నీళ్ల మీద లైట్ షో చూపించండి, ఉచితం. గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీల షో 7:45కి, 8:45కి. అయితే క్రిస్మస్ నెలలో ఆ చెట్ల కింద కొంత మేర టికెట్ పెట్టి కంచె వేస్తారు, చూసుకుని వెళ్లండి.

సెంగ్‌కాంగ్ కొత్తకాపు:
చాలా థాంక్సండీ. వీసా మల్టిపులే, ఇప్పుడే చూశా. సంక్రాంతికి ఇక్కడేమైనా ఉంటుందా?

టెక్కా తిండిపోతు:
సెలవు ఉండదు కానీ సందడి ఉంటుంది. లిటిల్ ఇండియాలో క్యాంబెల్ లేన్‌లో చెరకుగడలు, మట్టికుండలు, పసుపుకొమ్మల మొక్కలు అమ్ముతారు, ఆవుల్ని కూడా తెచ్చి కడతారు. 12వ తేదీలోపు పొద్దున వెళ్తే ఊపిరాడుతుంది. దగ్గర్లోనే ఫారర్ పార్క్ స్టేషన్ పక్కన శ్రీనివాస పెరుమాళ్ గుడి, మీకు రైలు మారే పనే లేదు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు గుడి, తర్వాత బజారు. వైకుంఠ ఏకాదశి ఆ నెల రోజుల్లోనే పడితే ఉత్తర ద్వారం క్యూ తెల్లవారకముందే మొదలవుతుంది, అమ్మగారికి మడత కుర్చీ పట్టుకెళ్లండి.